గుట్ట కోట ఎక్కి, ఊళ్ల మీదుగా చుట్టి రావాలంటే: ఎలగందులా, రామగిరా?

మీరు అడిగింది ఇది: హన్మకొండ నుంచి ఐదుగురు వస్తున్నారు. ఒకరికి యాభై దాటాయి, ఇద్దరికి నడక అలవాటు లేదు. ఒక పాత గుట్ట కోట ఎక్కి దిగి, చుట్టుపక్కల పొలాలూ ఊళ్లూ చూసుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, అదీ ఒక్క రోజులో. ఎలగందుల మేలా, రామగిరి మేలా? ఎంత నడక పెట్టుకోవాలి, ఎప్పుడు రావాలి?

మొదటిసారికి కరీంనగర్ దగ్గరి ఎలగందుల. నవంబరు చివరి నుంచి డిసెంబరు చివరి లోపు రండి. కోటతో కలిపి మొత్తం నడక 8 నుంచి 10 కిలోమీటర్లు దాటకుండా చూసుకోండి. ముందు కోట, తర్వాత కింది చుట్టు, అంటే గుట్ట దిగాక పొలాల మీదుగా చుట్టి వచ్చే నడక. రామగిరి ఖిల్లా దీనికంటే చాలా పెద్దది, అడవి కూడా ఎక్కువ. దాన్ని చుట్టి రావాలని అనుకోకండి. ఊరి మనిషిని తోడు తీసుకుని, ఎక్కిన దారినే దిగి రండి. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇలాంటి నడకకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోట ఎక్కడమే కష్టం అనుకుని ఓపికంతా దాని మీదే పెడతారు. ఎలగందులలో ఎక్కుడు చిన్నది. రోజును పాడుచేసేది కింది చుట్టు: తడి ఒరాలు (మడి గట్లు), మానేరు అంచున బురద, నీడ దొరకని పదకొండింటప్పటి ఎండ, సగంలో తెగిపోయిన బాట. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. నవంబరులో వానకాలం వరి కోతలు అయిపోతాయి. పొలాల్లో కొయ్యకాళ్లు మిగిలి, నేల గట్టిపడి, ఎటు కావాలంటే అటు నడవొచ్చు. డిసెంబరు చివరికి యాసంగి పనులు మొదలవుతాయి: దమ్ము చేస్తారు, ఒరాలు చెక్కి కొత్త మట్టి పెడతారు, జనవరిలో నాట్లు పడతాయి. అప్పుడు వచ్చినా నడవొచ్చు గానీ పొలాల్లోంచి కాదు, బండ్ల బాటల మీదే. ఆ లెక్కన చుట్టు పొడవవుతుంది. అక్టోబరులో తంగేడు, గునుగు పూసి గుట్ట చాలా అందంగా ఉంటుంది, బతుకమ్మ రోజులు కూడా. అయితే గడ్డి ఇంకా మోకాలెత్తునే ఉంటుంది కాబట్టి కోట చూసి వెళ్లండి, కింది చుట్టు వద్దు. వానల్లో బండలకు పాకురు పడుతుంది, గడ్డిలో గుంతలూ పాములూ కనబడవు. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం వద్దే వద్దు. మే నెలలో ఈ ప్రాంతంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండ పైనుంచి ఒకటి, నల్లరాతి బండ ఎగజిమ్మే వేడి ఇంకొకటి.

ఇక రావడం. హన్మకొండ నుంచి కరీంనగర్‌కు దాదాపు 70 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కినా, కరీంనగర్‌లో సిరిసిల్ల వైపు బస్సు మారి ఎలగందుల స్టేజీలో దిగేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. డిసెంబరులో అది ఫర్వాలేదు. మిగతా నెలల్లో ముందురోజు రాత్రే కరీంనగర్ చేరి పడుకుంటే మంచిది, ఆరున్నర ఏడు కల్లా గుట్ట కింద ఉండొచ్చు. సిరిసిల్ల రోడ్డు మీద పల్లె వెలుగు ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ అయితే ఎలగందులలో ఆపుతారో లేదో కండక్టర్‌ను అడిగాకే ఎక్కండి. మీలో ఆడవాళ్లుంటే, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి కార్డు దగ్గర పెట్టుకుంటే ఈ రెండు రకాల బస్సుల్లోనూ టికెట్ డబ్బులు ఉండవు. దిగగానే స్టేజీ దగ్గరి దుకాణంలో సాయంత్రం కరీంనగర్ బస్సులు ఎప్పుడెప్పుడు వస్తాయో అడిగి రాసుకోండి. ఆ టైములను బట్టే మీరు ఎక్కడ వెనక్కి తిరగాలో తేలుతుంది.

కరీంనగర్ నుంచి నడుచుకుంటూ రావాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ రోడ్డు మీద బావుపేట, ఆసిఫ్‌నగర్, ఖాజీపూర్ చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో లారీలు తిరుగుతాయి, దుమ్ము లేస్తుంది, రోడ్డు పక్కన కాలు పెట్టే చోటు తక్కువ. యూనిట్ల వెనక పారబోసిన తెల్లటి రాతిపొడి బురద మరీ ప్రమాదం. పైన ఎండి గట్టి నేలలా కనిపిస్తుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, వాటి అంచు నిలువుగా ఉంటుంది, ఎక్కి రావడానికి పట్టు దొరకదు. మీ చుట్టు ఊరి పొలాలు, మానేరు వైపే ఉండాలి, క్వారీల వైపు కాదు.

కోట. ఎలగందులను పూర్వం వెలిగందుల అనేవారు. కాకతీయుల నుంచి బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీల దాకా చేతులు మారింది. 1754లో నిజాం సర్దారు జఫరుద్దౌలా కోటను కొత్తగా కట్టించాడు. 1905లో కరీంనగర్‌కు మార్చేదాకా జిల్లా కేంద్రం ఇదే. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని దర్గాలు, మసీదులు, పాత గోడలు ఎందుకున్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. గుట్ట పైన నీలకంఠేశ్వరుడి గుడి, మసీదు రెండూ ఉన్నాయి. కింద కందకం. అందులో మొసళ్లను పెంచేవారని, కోటలోంచి మానకొండూరుకు సొరంగం ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పేవాళ్లు దొరికితే కూర్చుని వినండి గానీ సొరంగం వెతుకుతూ ఏ గుహలోకీ దూరకండి.

ఎక్కేటప్పుడు గోడలను గమనిస్తూ పొండి. సున్నం లేకుండా ఒకదాన్నొకటి పట్టుకునేలా చెక్కి పేర్చిన పెద్ద రాళ్లు ఒక పద్ధతి. చిన్న రాళ్లను సున్నపు గచ్చుతో కలిపి కట్టి, తుపాకీ పెట్టడానికి రంధ్రాలు వదిలింది ఇంకో పద్ధతి, అది ఫిరంగులు వచ్చిన తర్వాతి కాలం పని. దర్వాజలు ఒకదానికొకటి సూటిగా ఎదురుగా ఎందుకు లేవో కూడా చూడండి. ఏనుగుతోనో దూలంతోనో పరుగున వచ్చి గుద్దకుండా దారిని మలుపు తిప్పుతారు. ఈ ప్రాంతంలో ఏ కోటకు వెళ్లినా ఈ రెండు సంగతులు పనికొస్తాయి.

పైకి వెళ్లి, చూసి, కూర్చుని, దిగి రావడానికి అన్నీ కలిపి రెండున్నర గంటలు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు అందరికంటే నిదానంగా నడిచేవారిని ముందు పెట్టాలి, గట్టివాళ్లు వెనక ఉండాలి. దీన్ని తిరగేస్తే ముందువాళ్లు ఆగి ఊపిరి పీల్చుకుంటారు, వెనకవాళ్లు అందుకోగానే మళ్లీ లేచి నడుస్తారు. ఎక్కువ విశ్రాంతి కావలసినవాళ్లకే అస్సలు విశ్రాంతి దొరకదు.

దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. బండ మీద పడి ఉన్న మొరం, అంటే రాయి అరిగి రాలిన గింజలు, చెప్పు కింద దొర్లుతాయి. ఎండిన శుభ్రమైన బండ మీద రబ్బరు అడుగు బాగా పట్టుతుంది, అదే బండ మీద గుప్పెడు మొరం ఉంటే జారుతుంది. మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఆనిస్తూ దిగండి. వాలు ఎక్కువైన చోట కూర్చుని జరగడంలో సిగ్గేమీ లేదు. బండ మీద నిలువుగా కనిపించే నల్లని చారలు వాన నీళ్లు పారే దారులు. పొద్దున మంచు కురిస్తే ముందు తడిసేవీ, చివరికి ఆరేవీ అవే. వాటి మీద కాలు పెట్టకండి.

బురుజుల అంచున నిలబడొద్దు. బురుజు లోపలంతా మట్టీ రాళ్లూ నింపిందే. ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగి లోపలి మట్టి కొట్టుకుపోతుంది, పైరాయి మాత్రం గాల్లో నిలబడినట్టు ఉంటుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది. గోడల్లో మొలిచిన సీతాఫలం, రావి చెట్ల వేర్లు రాళ్లను విడదీస్తాయి కాబట్టి చెట్టు ఉన్న చోట గోడను పట్టుకుని ఎక్కొద్దు. గుప్త నిధుల కోసం ఎవరెవరో తవ్వి వదిలేసిన గుంతలు పాత కోటల్లో మామూలే, వాటి మీద గడ్డి కప్పేసి ఉంటుంది. తొక్కిన దారి వదిలి పక్కకు వెళ్లేటప్పుడు ముందు కట్టెతో తట్టి చూడండి. బండల్లో నీళ్లు నిలిచిన దొనలు, కోనేర్లు కనిపిస్తే అంచుకు కూడా పోకండి. లోతు తెలియదు, అంచంతా పాకురు.

తేనెటీగల గురించి విడిగా చెప్పాలి. బండల కింద, దర్వాజ కమానుల కింద పెద్ద పట్టు కనిపిస్తే గట్టిగా మాట్లాడకుండా దూరం నుంచే పొండి. అత్తరు, సెంటు ఆ రోజు వద్దు. పొగ పెట్టొద్దు, సిగరెట్ కూడా అంతే. డ్రోన్ ఎగరేయొద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా, ముఖానికి తువ్వాల కప్పుకుని, దారి ఉన్న వైపు ఆగకుండా దూరం వెళ్లిపోవాలి. నీళ్లలో దూకితే అవి పైనే తిరుగుతూ ఉంటాయి. ముల్లును గోరుతోనో కార్డు అంచుతోనో గీకి వెంటనే తీసేయండి. ఎక్కువ కుట్టినా, ముఖం వాచి ఊపిరి కష్టమైనా నడక అక్కడితో ఆపి ఆసుపత్రికి పోవాలి.

కింది చుట్టు. దిగాక ఊళ్లోనే అరగంట కూర్చోండి. ఛాయ్, మిర్చి బజ్జీ దొరుకుతాయి, నీళ్లు నింపుకోవచ్చు. ఎవరికైనా కాళ్లు పట్టేసినా, కళ్లు తిరిగినా ఇక్కడే ఆగిపోవచ్చు. నడకను ఇలా రెండు ముక్కలు చేయడానికి కారణం ఇదే. గుట్ట దిగకుండా అవతలి వైపుకు పోయి అటు నుంచి చుట్టు మొదలుపెడితే మధ్యలో మానేసే వీలుండదు.

చుట్టును ఈ వరసలో పెట్టుకోండి: ఊరి నుంచి పొలాల మీదుగా ముందు మానేరు వైపు, తర్వాత గుట్ట పాదం వెంట తిరిగి, చివర్లో బృందావన్ చెరువు, దర్గాల మీదుగా ఊళ్లోకి. దూరమైనది, నీడ లేనిది, బాట నమ్మకం లేనిది ముందు అయిపోవాలి. అలసిపోయాక నడిచేది ఊరికి దగ్గరి బాట కావాలి. గుట్ట ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది కాబట్టి దారి తప్పడం కష్టమే. అయినా బయల్దేరేటప్పుడే ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, స్టేజీ దగ్గర గుర్తు పెట్టుకోండి.

ఆ మ్యాప్‌ను ఒక్క విషయంలో నమ్మకండి: మానేరు నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో అందులో సరిగా ఉండదు. ఇక్కడ మానేరు అంటే పారే వాగు కాదు, దిగువన కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్ వెనక నీళ్లు. డ్యామ్ నిండు మట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు. నిండుగా ఉంటే అంచున ఉన్న శిఖం భూములు (నీళ్లు తగ్గితే బయటపడే నేల), వాటి మీది బాటలు మునుగుతాయి. నీళ్లు తగ్గాక అక్కడే జీవాలు మేస్తాయి, సాగు చేస్తారు. ఎగువన మన్వాడ దగ్గరి మిడ్ మానేరు నుంచి నీళ్లు వదిలితే మట్టం మళ్లీ పెరుగుతుంది. కాబట్టి శాటిలైట్ బొమ్మలో పొడి నేలగా కనిపించే చోట మీరు వచ్చిన రోజు నీళ్లు ఉండొచ్చు. రావడానికి ముందురోజు పేపర్లో డ్యామ్ నీటిమట్టం చూసుకోండి. 920కి దగ్గరగా ఉంటే నీళ్ల అంచు దాకా పోయే ఆలోచన వదిలి, గుట్టకు దగ్గరి బాటనే పట్టండి.

నీళ్లు వెనక్కి తగ్గిన చోట నేల పైన పగుళ్లిచ్చి ఎండినట్టు ఉంటుంది, కింద ఒండ్రు తడిగానే ఉంటుంది. పగుళ్ల అంచులు పైకి లేచి, కాలు పెడితే పెంకులా విరిగితే కింద ఆరిందని అర్థం. పగుళ్లు సన్నగా, నేల నున్నగా, రంగు నల్లగా ఉంటే దిగబడుతుంది. గొర్లు, బర్లు తొక్కిన జాడ ఉన్న చోటే నడవడం అన్నిటికంటే సులువు. ఇసుక తీసిన గుంతలు నీళ్ల కింద దాగి ఉంటాయి, కాబట్టి మోకాలి లోతే కదా అని దిగొద్దు. ఈత వస్తుందన్న ధైర్యం అక్కడ పనికిరాదు.

పొలాల్లో నడక. వీలైనంత వరకు బండ్ల బాట, లేదంటే నక్షాలో (ఊరి భూముల పటంలో) ఉన్న దారి. ఒరం మీద నడవాల్సి వస్తే ఒకరి వెనక ఒకరు. కొత్తగా చెక్కి మట్టి పెట్టిన ఒరం నున్నగా మెరుస్తూ ఉంటుంది, దాని మీద కాలు పెట్టొద్దు. ఒక్క అడుగుకు తెగి, మడిలో నీళ్లన్నీ కిందికి పోతాయి, ఆ రైతు ఆ పూట పని మానుకుని అది కట్టుకోవాలి. కోతలప్పుడు రోడ్ల మీద, కల్లాల్లో వడ్లు ఆరబోసి ఉంటాయి. చెప్పులతో తొక్కకుండా చుట్టూ తిరిగి పొండి. పత్తి చేన్లలోంచి అడ్డంగా పోవద్దు, మక్క కంకి కూడా అడగకుండా తెంపొద్దు.

కరెంటు సంగతి అందరూ జాగ్రత్తగా చదవండి. వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది, మోటర్లకు చాలాచోట్ల ఆటో స్టార్టర్లు ఉంటాయి. మోటరు ఆగి ఉందని తీగలో కరెంటు లేదనుకోవద్దు. నేల మీద పడి ఉన్న సర్వీసు తీగను దాటేటప్పుడు తొక్కకండి, తడి నేల మీదైతే చుట్టూ తిరిగి పొండి. ఇంకా పెద్ద ప్రమాదం అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టే సన్నని తీగ. మోకాలి ఎత్తులో, కట్టెలకు చుట్టి ఉంటుంది. దానికి కరెంటు పెట్టడం నేరం, అయినా అక్కడక్కడ పెడుతూనే ఉన్నారు, మనుషులు చనిపోతూనే ఉన్నారు. రాత్రి పెట్టింది పొద్దున తీయడం మరచిపోవచ్చు. చీకట్లో, తెల్లవారకముందు చేన్లలోకి అడుగు పెట్టొద్దు. పగలైనా అలాంటి తీగను ముట్టొద్దు, కింద నుంచి దూరొద్దు, పైనుంచి దాటొద్దు.

దారి అడగడానికి ఒక పద్ధతి ఉంది. "ఎంత దూరం" అని అడిగితే "గీడనే" అంటారు, అది రెండు కిలోమీటర్లైనా కావచ్చు. "కాకా, ఈ బాట చెరువు దాకా పోతదా, నడుమల తెగుతదా?" అని అడగండి. "మొన్న వాన పడ్డంక ఎవరన్న పోయిన్రా?" అనండి. "నడిచిపోతే ఎంతసేపు అయితది?" అనండి. ముందు పలకరించి, మీరెవరో ఎందుకొచ్చారో చెప్పి, తర్వాత దారి అడగాలి. కొత్త మనుషులు గుట్ట చుట్టూ తిరుగుతుంటే నిధుల కోసం వచ్చారేమో అన్న అనుమానం ఊళ్లలో ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. పార, గడ్డపార, మెటల్ డిటెక్టర్ లాంటివి తేవద్దు. పొలంలో పనిచేస్తున్న ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయొద్దు. దర్గాలోకి, గుడిలోకి వెళ్తే చెప్పులు బయట, తలమీద గుడ్డ ఉంటే మంచిది.

ఊరి బయటి చిన్న గుట్ట మీద రెండు మినార్ల కట్టడం ఉంది. అది కూడా జఫరుద్దౌలా కాలం పనే. ఒక మినారు ఊపితే రెండోది ఊగుతుందని పేరు. వచ్చినవాళ్లంతా ఊపి చూస్తే అది నిలవదు. ఎక్కొద్దు, ఊపొద్దు. చుట్టు చివర్లో సాయంత్రపు వెలుగులో కింది నుంచి చూడండి, కోట, మినార్లు ఒకేసారి కనిపించే చోట్లు దొరుకుతాయి.

జంతువులు. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, ఊళ్లలోకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. సీతాఫలాలు, పుట్టలు ఉన్న పొదల్లో, బండ సందుల్లో పొద్దున సాయంత్రం తిరుగుతాయి. మాట్లాడుకుంటూ నడవండి, గుహలకు దూరంగా ఉండండి, సాయంత్రం నాలుగున్నరకల్లా గుట్ట పాదం వదిలేయండి. డిసెంబరులో ఐదూ నలభైకి అటూ ఇటూగా పొద్దు కుంకుతుంది. ఊర కుక్కలు, గొర్లకాపరుల కుక్కలు మొరిగితే పరుగెత్తకుండా నిలబడి కాపరిని పిలవండి. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు నీళ్లు పోసి కడిగి, అదే రోజు టీకా. కోతులకు చేతిలో కవరు కనబడకూడదు, తినేవన్నీ సంచిలోనే.

పాముల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ముఖ్యమైనవి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకపోవడం, కూర్చునే ముందు బండ కింద చూడటం, గడ్డిలో కట్టెతో తడుతూ నడవడం, ఇవి చేస్తే చాలావరకు తప్పుతుంది. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గరికి తీసుకుపోయి పొద్దు పుచ్చొద్దు. కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గడియారం తీసేసి, 108కి ఫోన్ చేసి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ఇక తెచ్చుకునేవి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, ఊళ్లో నింపుకునేది కాక. చెరువు నీళ్లు, కాలువ నీళ్లు తాగొద్దు. పొలంలో బోరు పోస్తుంటే అడిగి నింపుకోవచ్చు గానీ పురుగుమందు కలిపే డ్రమ్ములో ఉన్న పైపు నుంచి వద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకు. అర లీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై వాంతి వచ్చినట్టవుతుంది, దాహం పెరుగుతుంది. తిండికి సర్వపిండిని మించింది లేదు: ఎండకు చెడదు, నలగదు, కూర అక్కర్లేదు. పులిహోర కూడా మంచిదే. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. దారిలో కల్లు ఇస్తామంటే నడక అయ్యాకే, అదీ తాగే అలవాటున్నవాళ్లే.

చెప్పుల విషయంలో మెత్తటి అడుగున్నవి వద్దు. సర్కారు తుమ్మ ముల్లు స్లిప్పర్ అడుగును చీల్చుకుని పాదంలో దిగుతుంది. గట్టి అడుగు, గాట్లు ఉన్న బూట్లు, అదీ కనీసం రెండు వారాలు తొడిగి తిరిగినవి. పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. దురదగొండి కాయలు ఈ నెలల్లో ఎండి నూగు రాలుస్తాయి. అది తగిలితే గోకొద్దు, నీళ్లు పోసి రుద్దొద్దు, ఆ నూగు ఇంకా పాకుతుంది. అంటుకునే ప్లాస్టరు ముక్క అద్ది లాగి, నూగు వచ్చాక కడగండి. ఆ ప్లాస్టరు చుట్ట, చిన్న కత్తెర, ముల్లు తీసే చిమ్టా, ఒక ఈల, ఒక టార్చి సంచిలో పడేయండి. కట్టె మనిషికొకటి.

వెనక్కి తిరిగే టైము ముందే మాట్లాడుకోండి. ఒంటిగంటకల్లా మానేరు అంచుకు చేరకపోతే ఎక్కడున్నారో అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లండి. పొలాల్లో గంటకు మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడుస్తామని లెక్క వేయొద్దు. అడుగడుగునా ఆగి మాట్లాడేవాళ్లైతే రెండున్నరే.

మిగతా రెండు కోటల గురించి. మీరు హన్మకొండ నుంచి వస్తున్నారు కాబట్టి దారిలోనే హుజూరాబాద్ దాటాక మొలంగూరు వస్తుంది. సగం రోజే ఉంటే అదీ మంచిదే. కింద దూద్ బావి ఉంది, నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయని దాని పేరు. కోట మాత్రం నిలువు బండల మీద. చూడటానికి చిన్నదే, ఎక్కడానికి చేతులు కూడా వాడాలి. నడక అలవాటు లేని ఇద్దరిని తీసుకుని మొదట అక్కడికి పోవద్దు.

రామగిరి ఖిల్లా పెద్దపల్లి జిల్లాలో, పెద్దపల్లి నుంచి మంథని పోయే దారిలో బేగంపేట నుంచి ఎక్కాలి. ఔషధ మొక్కలకు పేరున్న గుట్ట, వాటిని చూడటానికి విద్యార్థులు వస్తుంటారు. శ్రావణ మాసంలో జనం ఎక్కువ, అప్పుడు తోడు సులువుగా దొరుకుతుంది గానీ బండలు తడి. పైకి పోయాక ఒకే శిఖరం ఉండదు. గోడలు, దర్వాజలు, చెట్లు, మళ్లీ గోడలు, అన్నీ ఒకేలా ఉంటాయి. దిగే దర్వాజ ఏదో గుర్తులేక తప్పిపోయేది అక్కడే. ప్రతి మలుపులో వెనక్కి తిరిగి ఫొటో తీసుకోండి, దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ వైపే. కింద చుట్టి రాకపోవడానికి మూడు కారణాలు: గుట్ట పాదం చాలా పెద్దది, అడవి దట్టం, పైగా ఆ ప్రాంతంలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. గని హద్దుల్లోకి, తవ్వి పోసిన మట్టి గుట్టల మీదికి వెళ్లకూడదు, ఆ మట్టి జారుతుంది. బేగంపేటలో ఊరి మనిషిని మాట్లాడుకుని, ఆయన ఒక రోజు కూలి ముందే ఖాయం చేసుకుని, ఆయన తిండి నీళ్లు కూడా మీరే తీసుకుని, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లతో ఏడింటికి ఎక్కండి. ఒంటిగంటకు ఎక్కడున్నా దిగడం మొదలుపెట్టాలి.

మీలో యాభై దాటినవారికి మోకాళ్ల నొప్పి ఉంటే ఎలగందులలో ఆయన పైదాకా ఎక్కనక్కర్లేదు. మొదటి దర్వాజ దాకా వచ్చి, కందకం, కింది గోడలు చూసి, నిదానంగా ఊళ్లోకి దిగి కూర్చోవచ్చు. మీరు దిగాక కింది చుట్టులో కలుస్తారు. చదును నేల మీద మోకాలికి ఇబ్బంది తక్కువ, బండ దిగడమే దాన్ని పట్టేస్తుంది. దిగిన ప్రతివాళ్ల ఫోన్లో ఛార్జింగ్ ఎంతుందో చూసుకుని, ఎక్కడ ఏ టైముకు కలవాలో నోటితో చెప్పుకుని విడిపోండి.